గిటారుకు గళమిచ్చిన చార్లీ క్రిస్టియన్

ప్రతి వాద్యానికీ దాని నిర్మాణాన్ని బట్టి ఒక నాదపరిమితి ఉంటుంది. నాదస్వరం ఊరేగింపులో వీధి వీధంతా మారుమ్రోగుతుంది. వీణ అలా కాదు; అది నాలుగు గోడల మధ్య, ఎదుట కూర్చున్న పదిమంది రసికుల కోసం పుట్టిన వాద్యం. పింగళి సూరన తన కళాపూర్ణోదయంలో నారద తుంబురుల సంగీత స్పర్ధను ఎంతో విపులంగా వర్ణించాడు. ఆ స్పర్ధకు మూలం విద్యలోని తారతమ్యమే తప్ప, ఎవరి వాద్యం బిగ్గరగా మ్రోగిందన్నది కాదు. దేవసభలో ఆ చింత ఉండదు కాబోలు! మానవుల సభలో మాత్రం ఉంటుంది. ఎంతటి విద్వాంసుడైనా అతని తీగ పలికిన పలుకు వెనుక వరుసలో కూర్చున్నవానికి అందకపోతే, ఆ విద్వత్తు ఉండీ లేనట్లే. పాశ్చాత్య సంగీతంలో గిటారు సరిగ్గా ఈ ఇబ్బందినే శతాబ్దాల తరబడి అనుభవించింది. ఆ ఇబ్బందిని తన ప్రతిభతో తొలగించి, ఇరవై ఐదేళ్ళ వయసులోనే కన్నుమూసిన అమెరికా నల్లజాతి సంగీతకారుడు చార్లీ క్రిస్టియన్.

ఆయన 1916 జూలై 29న టెక్సాస్ రాష్ట్రంలోని బాన్‌హమ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి పేరు క్లారెన్స్ హెన్రీ, తల్లి విల్లీ మే. ముగ్గురు అన్నదమ్ములలో చార్లీయే కడపటివాడు. ఎడ్వర్డ్, క్లారెన్స్ అతనికి అన్నలు. 1918లో ఆ కుటుంబం ఓక్లహోమా నగరానికి తరలివెళ్ళింది. తండ్రికి జ్వరం సోకి చూపు పోయింది. చూపులేని మనిషికి, అందునా ఆనాటి అమెరికాలో నల్లజాతివానికి, జీవనోపాధి దొరకడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అయితే ఆయనకు సంగీతం తెలుసు. కొడుకులను వెంటబెట్టుకొని సంపన్నులు నివసించే వీధులకు వెళ్ళి, ఇంటింటి ముందూ నిలబడి వాయించేవాడు. కొందరు డబ్బులిచ్చేవారు, కొందరు ఇంట్లో ఉన్న వస్తువులేవో ఇచ్చేవారు. చార్లీ మరీ పసివాడుగా ఉన్నప్పుడు అతని పని నాట్యం చేయడం. తర్వాత తండ్రి వద్దనే గిటారు అభ్యసించాడు. అతనికి పన్నెండేళ్ళు వచ్చేనాటికి తండ్రి మరణించాడు. ఆయన వాద్యాలు కుమారునికి సంక్రమించాయి. ఆ పేదవాడలో పిల్లవానికి వారసత్వంగా దక్కిన ఆస్తి అదే.

చార్లీ చదివింది డగ్లస్ పాఠశాలలో. అది నల్లజాతి పిల్లల కోసం విడిగా నెలకొల్పిన పాఠశాల. తెల్లవారి పిల్లలతో కలిసి చదువుకొనే హక్కు వారికి ఆనాడు లేదు. అయినా ఆ పాఠశాలలో జెలియా బ్రో అనే గొప్ప సంగీతోపాధ్యాయురాలు ఉండడం పిల్లల అదృష్టం. చార్లీకి సాక్సఫోన్ నేర్చుకోవాలని కోరిక. ఆమె ట్రంపెట్ నేర్చుకోమన్నది. ట్రంపెట్ ఊదితే పెదవి వికారమవుతుందని భయపడి ఆ పిల్లవాడు సంగీత తరగతినే విడిచి బేస్‌బాల్ ఆటకు వెళ్ళిపోయాడట! అదే వాడలో పెరిగి, అదే పాఠశాలలో చదివి, ఉత్తరోత్తరా ప్రసిద్ధ నవలాకారుడైన రాల్ఫ్ ఎలిసన్ తన బాల్యమిత్రుని గురించి ఒక వ్యాసం వ్రాశాడు. చేతిపనుల తరగతిలో చుట్టల పెట్టెలతో చార్లీ గిటార్లు తయారుచేసేవాడని మనకు తెలుస్తున్నది దానివల్లనే. సాక్సఫోన్ చేతికి రాకపోయినా దాని నాదం మాత్రం అతని మనస్సులో నిలిచిపోయింది. తర్వాతి కాలంలో అతడు గిటారు తీగల మీద వాయించిన స్వరసంచారాలన్నీ ఊపిరితో ఊదే వాద్యపు పోకడలే.

ఇక్కడ కొంచెం ఆగి, ఆనాటి గిటారు స్థితిని గమనించాలి. 1930 నాటికి అమెరికాలో జాజ్ సంగీతం పెద్ద బృందాల చేతికి వెళ్ళింది. ఒక్కొక్క బృందంలో పన్నెండు మంది నుంచి పదహారు మంది వరకు వాద్యగాండ్రు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సఫోన్లు వరుసలు తీరి కూర్చునేవి. వెనుక డ్రమ్ములు. వాటి మధ్య గిటారు పట్టుకొన్నవాని పని లయకు తగినట్లు తీగలన్నీ కలిపి మీటుతూ పోవడమే. విడిగా ఒక్క తీగను మీటి రాగచ్ఛాయ పలికిద్దామంటే పక్కవానికే వినిపించదు. ఈ లోపాన్ని తీర్చాలని వాద్యనిర్మాతలు పలువిధాల ప్రయత్నించారు. పేగు తీగలకు బదులు ఉక్కు తీగలు బిగించారు. గిటారు బొజ్జ పెంచారు. 1927లో లోపల లోహపు శంకువులు అమర్చిన గిటార్లు వచ్చాయి. వాటి నాదం పెరిగింది కాని రేకు డబ్బా ధ్వని కూడా దానికి తోడైంది. మైకు ముందు పెట్టి వాయిద్దామంటే ఆ మైకు గిటారుతోపాటు పక్కనున్న ట్రంపెట్లనూ అంతకంటె బిగ్గరగా అందుకొనేది.

అసలైన ఉపాయం అయస్కాంతంలో ఉన్నది. ఉక్కు తీగ క్రింద అయస్కాంతాన్నీ, సన్నని రాగితీగ చుట్టనూ అమర్చితే, పై తీగ కంపించినప్పుడల్లా ఆ చుట్టలో అతిస్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. కంపనం ఎట్లా ఉంటే విద్యుత్తూ అట్లాగే హెచ్చుతగ్గులు పొందుతుంది. దీనినే పికప్ అంటారు. ఆ స్వల్ప విద్యుత్తును వాల్వుల ద్వారా అనేక రెట్లు పెంచి స్పీకరుకు పంపేదే యాంప్లిఫయరు. ఒకప్పుడు మన ఇళ్ళలో ఉండిన వాల్వు రేడియోలను చూసినవారికి దాని లోపలి స్వరూపం సులభంగా బోధపడుతుంది. ఈ పద్ధతిలో గాలిలోని ధ్వనితో ప్రమేయం లేదు. కనుక పక్కన ఎన్ని ట్రంపెట్లు ఘోషించినా పికప్ తన తీగ మాటే వింటుంది. అయితే ఒక నియమం ఉన్నది. తీగ ఉక్కుదై ఉండాలి. పేగు తీగనుగాని, నేటి నైలాను తీగనుగాని అయస్కాంతం పట్టించుకోదు. ఈ ఉపాయం 1930ల ఆరంభంలో మొదట ఒడిలో పరుండబెట్టి వాయించే హవాయి గిటార్లకు ఉపయోగపడింది. మిచిగాన్ రాష్ట్రంలోని కలమజూ నగరానికి చెందిన గిబ్సన్ కంపెనీ 1936లో మామూలు బోలు గిటారుకే పికప్ అమర్చి ఇ.ఎస్. 150 అనే పేరుతో విపణిలోకి తెచ్చింది. గిటారు, దానికి జోడుగా ఇ.హెచ్. 150 అనే యాంప్లిఫయరు, రెంటినీ కలిపే తీగ, అన్నీ కలిసి సుమారు నూట యాభై డాలర్లు.

1937 ప్రాంతంలో ఎడ్డీ డర్హమ్ అనే సంగీతకారుడు ఓక్లహోమా నగరానికి వచ్చాడు. గిటారుకు బలమైన గొంతు కల్పించాలని లోహపు పళ్ళేలతోనూ, పికప్‌లతోనూ ఎన్నో ప్రయోగాలు చేసినవాడాయన. ఆయన చేతిలోని విద్యుత్ గిటారును చూసి యువకుడైన చార్లీ మనసు పారేసుకున్నాడు. త్వరలోనే ఇ.ఎస్. 150ను సంపాదించాడు. ఓక్లహోమాలోని రిట్జ్ కెఫేలో వాయించినందుకు ఆయనకు రాత్రికి రెండున్నర డాలర్లు ముట్టేవని చెబుతారు. ఆ లెక్కన నూట యాభై డాలర్లంటే అరవై రాత్రుల సంపాదన. అప్పటికి ఆ వాద్యాన్ని చాలామంది విద్వాంసులు ఒక వింత వస్తువుగానే చూసేవారు. విద్యుత్తు కలిస్తే సహజనాదం చెడుతుందని వారి అభ్యంతరం. మన వీణకు మైకు తగిలించినప్పుడు కూడా ఇటువంటి వివాదమే చెలరేగింది కదా! పేదవాడు అరవై రాత్రుల కష్టాన్ని ఇంకా ఎవరూ నమ్మని వస్తువు మీద పెట్టడానికి సాహసం కావాలి.

ఆ యాంప్లిఫయరు సామర్థ్యం సుమారు పదిహేను వాట్లు మాత్రమే. నేటి వేదికల మీది స్పీకర్లతో పోల్చితే అది లెక్కలోనికే రాదు. అయినా అది ఆయనకు చాలింది. కారణమేమంటే ఆయన కోరినది బృందాన్ని ముంచెత్తే శబ్దం కాదు. ఒక సాక్సఫోన్‌తో సమానంగా వినిపించగల నాదం. పైగా బోలు గిటారుకు ఒక బలహీనత ఉన్నది. స్పీకరు నుంచి వెలువడిన శబ్దం తిరిగి గిటారు బొజ్జను తాకి దానిని కంపింపజేస్తుంది. ఆ కంపనాన్ని పికప్ మళ్ళీ స్పీకరుకు పంపుతుంది. ఈ చక్రం ఆగకుండా తిరిగితే సభల్లో మైకు కుయ్యిమన్నట్లే గిటారు కూడా కూత పెడుతుంది. శబ్దం పెంచినకొద్దీ ఈ బెడద అధికమవుతుంది. అందుచేత అటువంటి గిటారుకు యాంప్లిఫయరు ఎంచుకొనేవారు ముందుగా చూడవలసినది వాట్ల సంఖ్య కాదు, తాము వాయించబోయే స్థలం.

ఈ కాలపు విద్యార్థులలో గిటారు నేర్చుకొనేవారు చాలామంది ఉన్నారు గనుక మరొక్క మాట చెప్పి ముందుకు సాగుతాను. ఇప్పటి అకౌస్టిక్ గిటార్లలో తరచుగా వాడేది అయస్కాంత పికప్ కాదు. తీగలు ఆనుకొనే గుర్రం క్రింద అమర్చిన పీజో అనే పలక. అది ఒత్తిడిని విద్యుత్తుగా మారుస్తుంది. కనుక నైలాను తీగలకైనా పనికివస్తుంది. దాని నాదాన్ని విద్యుత్ గిటార్ల కోసం చేసిన యాంప్లిఫయరులో వింటే మూగగా ఉంటుంది. ఎందుకంటే ఆ స్పీకర్లు సన్నని పైస్వరాలను పలికించలేవు. అకౌస్టిక్ గిటారు కోసం చేసిన పెట్టెలో మంద్రానికి ఒకటి, తారానికి ఒకటి స్పీకర్లు ఉంటాయి. కూత పెట్టే ఒక్క స్వరాన్ని మాత్రం అణచడానికి విడిగా ఒక మీట కూడా వాటిలో చాలావాటికి ఉంటుంది. చేతితో మోసుకుపోదగిన, బ్యాటరీతో నడిచే పెట్టెలూ వచ్చాయి. కొనేముందు సొంత గిటారును దుకాణానికి తీసుకువెళ్ళి, అక్కడ వాయించి విని కొనడం మేలు. వేరొక గిటారుతో వినిపించిన నాదం మన గిటారులోనూ వస్తుందన్న భరోసా లేదు.

మళ్ళీ కథలోకి వద్దాం. 1939 నాటికి మధ్య అమెరికా నగరాలలో చార్లీ పేరు వాద్యగాండ్ర నోళ్ళలో నానింది. పియానో విదుషి మేరీ లూ విలియమ్స్ ఆయన గురించి జాన్ హామండ్‌కు చెప్పింది. ప్రతిభ ఎక్కడ ఉన్నా వెదకి వెలికితీయడమే వ్రతంగా పెట్టుకొన్న సంగీత నిర్మాత హామండ్. ఆయన స్వయంగా ఓక్లహోమాకు వెళ్ళి చార్లీ వాద్యం విని ముగ్ధుడై, లాస్ ఏంజెలిస్‌కు రప్పించాడు. అక్కడ ఉన్నది క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్. స్వింగ్ సంగీతానికి రాజు అని అమెరికా అంతటా పేరుపొందినవాడు. తెల్లవాడైనా టెడ్డీ విల్సన్, లయనల్ హాంప్టన్ వంటి నల్లజాతి విద్వాంసులను 1936 నుంచే తన పక్కన నిలబెట్టుకొన్న ధైర్యశాలి.

మొదటి పరిచయం మాత్రం శుభంగా జరగలేదు. చార్లీ పచ్చని సూటు, ఊదారంగు చొక్కా, పసుపుపచ్చ బూట్లు ధరించి వచ్చాడని హామండ్ జ్ఞాపకం చేసుకొన్నాడు. గుడ్‌మన్‌కు ఆ వేషం రుచించలేదు. యాంప్లిఫయరు తగిలించుకొనే వ్యవధి కూడా ఇవ్వకుండా ఏదో కొంచెం వాయించమని, విని, ఆసక్తి చూపక వెళ్ళిపోయాడు. యాంప్లిఫయరు లేని చార్లీ తక్కిన వందలాది గిటారు వాద్యగాండ్రలో ఒకడు. ఆనాడు ఆయన తిరుగు రైలెక్కి ఉంటే మనకు ఆయన పేరు తెలిసే అవకాశమే లేదు.

హామండ్ ఊరకుండలేదు. ఆ రాత్రి, అనగా 1939 ఆగస్టు 16న, బెవర్లీ హిల్స్‌లోని విక్టర్ హ్యూగో రెస్టారెంటులో గుడ్‌మన్ కచేరీ. భోజన విరామంలో గుడ్‌మన్ లోపలికి వెళ్ళగానే హామండ్, బాస్ వాద్యగాడు ఆర్టీ బర్న్‌స్టీన్ కలిసి చార్లీ యాంప్లిఫయరును వంటగది మార్గాన తెచ్చి వేదిక మీద పెట్టారు. తిరిగి వచ్చిన గుడ్‌మన్ తన వేదిక మీద చార్లీని చూసి మండిపడ్డాడు. సభ ముందు ఏమీ అనలేక, ఈ కొత్తవానికి తెలియదనుకొన్న రోజ్ రూమ్ అనే పాటను ఎత్తుకొన్నాడు. అది చార్లీ చిన్ననాటి నుంచి విన్న పాటే. తన వంతు రాగానే ఆయన ఒక్కొక్క తీగను మీటుతూ స్వరకల్పన ప్రారంభించాడు. ఒక ఆవృత్తి ముగిసింది. గుడ్‌మన్ ఇంకొకటి అని సైగ చేశాడు. మరొకటి, ఇంకా మరొకటి. ఆవృత్తి ఆవృత్తికీ కొత్త కల్పనలు పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఆ ఒక్క పాట నలభై నిమిషాలకు పైగా సాగిందని అక్కడున్నవారు చెప్పుకొన్నారు. పాట ముగిసేసరికి చార్లీకి కొలువు కుదిరింది. రాత్రికి రెండున్నర డాలర్ల మనిషికి వారానికి నూట యాభై డాలర్లు రాసాగాయి. గిటారు, యాంప్లిఫయరు కలిసి అంతే ధర కదా. అరవై రాత్రుల సంపాదన ఇప్పుడు ఒక్క వారంలో వచ్చేది.

అదే సంవత్సరం అక్టోబరు 2న గుడ్‌మన్ ఆరుగురి బృందంతో చార్లీ వాయించిన ఫ్లయింగ్ హోమ్, రోజ్ రూమ్ గ్రామఫోను రికార్డులకెక్కాయి. డిసెంబరు 24న న్యూయార్క్ కార్నెగీ హాలులో ఆయన వాద్యం వినిపించింది. 1941 మార్చిలో పూర్తి వాద్యబృందం వెనుక తోడుగా ఉండగా, గిటారే నాయకస్థానంలో నిలిచిన సోలో ఫ్లైట్ రికార్డయింది. కొన్నేళ్ళ క్రితం వరకు లయ కోసం వెనుక కుర్చీలో కూర్చున్న వాద్యానికి ఇది పట్టాభిషేకమే. ఆయన పేరుతో డౌన్ బీట్ పత్రికలో 1939 డిసెంబరులో ఒక వ్యాసం వెలువడింది. గిటారు వాద్యగాండ్రందరూ యాంప్లిఫయరును స్వీకరించి తమ ప్రతిభను లోకానికి వినిపించాలన్నది ఆ వ్యాస సారాంశం. వినిపించనందువల్లనే ఎందరో ప్రతిభావంతులు ఆకలితో అలమటిస్తున్నారన్న ఆవేదన అందులో ఉన్నది. శబ్దం పెంచుకోవడం ఆయన దృష్టిలో ఆడంబరం కాదు, అన్నం పెట్టే విషయం.

కీర్తి వచ్చినా వర్ణభేదం తొలగలేదు. బృందమంతా బస చేసే హోటళ్ళలో నల్లవారికి చోటు దొరకని ఊళ్ళు అనేకం. ఆయనకు హృదయానందం కలిగించిన స్థలం న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్. గుడ్‌మన్ కచేరీ ముగియగానే నిద్రమాని అక్కడికి చేరుకొనేవాడు. అక్కడ పియానో మీద థెలోనియస్ మంక్, డ్రమ్ముల మీద కెన్నీ క్లార్క్, ట్రంపెట్‌తో డిజ్జీ గిలెస్పీ. తర్వాత బీబాప్ అని పేరుపొందిన నూతన జాజ్ సంప్రదాయం ఆ గదిలో రూపుదిద్దుకొన్నది. ప్రతి రాత్రీ ఆ బరువైన పెట్టెను మోసుకురానక్కరలేకుండా ఆ క్లబ్బువారు చార్లీ కోసమే ఒక యాంప్లిఫయరు కొని అక్కడ ఉంచారు. ఒక కళాకారునికి అంతకంటె గౌరవప్రదమైన ఆహ్వానపత్రం ఉంటుందని నేననుకోను. 1941 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి జెర్రీ న్యూమన్ తన వెంట తెచ్చుకొన్న యంత్రం మీద ఆ వాద్యాన్ని రికార్డు చేశాడు. గ్రామఫోను ప్లేటుకు పట్టే మూడు నిమిషాల నిర్బంధం లేని చార్లీని మనం వినగలుగుతున్నది అక్కడే.

ఆ రికార్డింగులు జరిగేనాటికే ఆయన శరీరం క్షయవ్యాధికి లోనయింది. 1940లోనే కొంతకాలం ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. వైద్యులు విశ్రాంతి అవసరమన్నారు. ఆయన రాత్రుళ్ళు మింటన్స్‌లో గడిపాడు. తెల్లవారేదాకా పొగాకు పొగ నిండిన గదిలో వాయించడం క్షయరోగికి విషతుల్యమని వేరే చెప్పనక్కరలేదు. దీనిని నిర్లక్ష్యమనేవారున్నారు. పన్నెండేళ్ళ వయసు నుంచి రాత్రి వాయిస్తే తప్ప మరునాటి తిండి లేని జీవితానికి విశ్రాంతి అలవాటు కాలేదనడం న్యాయమని నాకు తోస్తుంది. 1941 జూన్‌లో స్టాటెన్ ఐలండ్‌లోని సీవ్యూ ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గాని కనుగొనలేదు. మిత్రులు వచ్చి చూసి వెళ్ళేవారు. ఆయన మాత్రం ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. 1942 మార్చి 2న మరణించాడు. గుడ్‌మన్ కొలువులో ఆయన గడిపినది రెండేళ్ళలోపు కాలమే.

ఆయన తర్వాత వచ్చిన జాజ్ గిటారు విద్వాంసులు దాదాపు అందరూ ఆ రికార్డులు విని అభ్యసించినవారే. వెస్ మాంట్‌గొమరీ అనే మహావిద్వాంసుడు సోలో ఫ్లైట్ విని, చార్లీ వాయించిన స్వరాలను ఒక్కటొక్కటిగా కంఠస్థం చేసి గిటారులో ప్రవేశించాడు. 1990లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చార్లీకి స్థానం లభించింది. ఇ.ఎస్. 150లోని ఆ పలక వంటి పికప్‌ను కంపెనీ ఏ పేరుతో అమ్మినా, వాద్యగాండ్రు నేటికీ చార్లీ క్రిస్టియన్ పికప్ అనే పిలుస్తారు.

ఆయన పార్థివదేహాన్ని జన్మస్థలమైన బాన్‌హమ్‌కు తీసుకువెళ్ళి గేట్స్ హిల్ శ్మశానంలో ఖననం చేశారు. సమాధి మీద పేరైనా చెక్కించలేదు. అర్ధశతాబ్ది గడిచాక 1994లో టెక్సాస్ ప్రభుత్వ చరిత్ర సంస్థ అక్కడ ఒక స్మారక ఫలకాన్ని, సమాధిశిలను నిలిపింది. అవి ఉన్న చోటు సరియైనది కాదని, ఆయన దేహం ఉన్నది అదే శ్మశానంలో పేరులేని ఒక కాంక్రీటు పలక క్రింద అని 2013లో అక్కడి అధికారులు అంగీకరించారు.